వోల్టా సీమ: అచటి ప్రకృతి, అచటి అతిథి మర్యాద



నేడు నేను ముచ్చటింపబోవు సీమ మనకు చాల దూరమున నున్నది. మన దేశమునుండి పడమటికి బోయి, అరేబియా సముద్రమును దాటి, ఆఫ్రికా ఖండమును ఈ కొననుండి ఆ కొనకు గడచినచో అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున ఘానా యను దేశము కనబడును. 1957వ సంవత్సరము మార్చి 6వ తేదీన స్వతంత్రమగువరకు దానికి గోల్డుకోస్టు, అనగా బంగారు తీరము, అని పేరు. ఆ దేశమునకు తూర్పు భాగమున, వోల్టా అను మహానది ప్రక్కన నున్న ప్రాంతమే వోల్టా సీమ. దానికి ముఖ్యపట్టణము హో. రాజధాని యగు అక్రా నగరమునుండి అది ఇంచుమించు 100 మైళ్లు. కొంతకాలము క్రిందట ఆ సీమలో మూడు వారములు సంచరించు అవకాశము నాకు లభించినది.

అచట చూడదగిన జలపాతములు, కొండలు, వనములు, ఉప్పుకయ్యలు పెక్కు కలవు. వానిని వర్ణించుట సులభమైన పని. కాని గ్రామ పెద్దలగు మీతో మాటాడునపుడు వర్ణనతో తృప్తిపడుట నాకు సరిపడలేదు. మీకు ఉపయోగించు ప్రశ్న యొకటి ఆ సీమలో నాకు ఎదురైనది. ఇంటికి వచ్చిన అతిథి వద్ద పైకము పుచ్చుకొనవచ్చునా? మన పెద్దలు అన్నమును అమ్ముకొనుట పాపమనిరి. వోల్టా సీమలోని పెక్కు గ్రామములో, తమ యూరి వనమును చూడవచ్చినవారి యొద్ద రుసుము పుచ్చుకొనుచున్నవి. అయినను అతిథిమర్యాదలో వారికి వెలితి లేదు. ఈ రెండును ఎట్లు పొసగినవో చెప్పుటయే నేటి ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

ముందుగా ఆ ప్రజలను గూర్చి రెండు మాటలు. ఆ సీమలో హెచ్చు సంఖ్యలో నున్నవారు ఎవే జాతివారు. వారి భాష పేరును ఎవేయే. ఈ సీమలో చాల భాగము 1914 వరకు జర్మనులు పాలించిన టోగోలాండులోనిది. మొదటి ప్రపంచ యుద్ధమున ఆ దేశము ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని పంపకమైనది. ఇంగ్లీషువారి వంతునకు వచ్చిన భాగపు ప్రజలు 1956లో వోట్లు వేసి గోల్డుకోస్టుతో కలియుటకు నిర్ణయించుకొనిరి. కావున నేటికిని ఎవేలు కొందరు ఘానాలోను, కొందరు టోగో దేశములోను ఉన్నారు. అన్న ఈ ప్రక్క, తమ్ముడు ఆ ప్రక్క. నడుమ సరిహద్దు కంచె. సరిహద్దు గ్రామములలో నివసించు తెలుగువారికి ఆ కష్టసుఖములు తెలియనివి కావు.

ఇక వారి అతిథి మర్యాద. మీరు ఒక ఎవే గృహస్థుని వాకిట నిలిచితిరనుకొనుడు. ఆయన మొట్టమొదట “వోయెజో” అనును. అనగా స్వాగతమని యర్థము. మీరు “యో” అని బదులు పలుకవలెను. వెంటనే కూర్చుండుటకు పీట గాని కుర్చీ గాని వేయుదురు. అటు పిమ్మట చల్లని నీరు తెచ్చి యిత్తురు. ఆ నీరు త్రాగువరకు మీరు వచ్చిన పని యేమని అడుగరు. దాహము లేకున్నను పాత్ర నందుకొని కొంచెము పుచ్చుకొనుట మర్యాద. పాతకాలపు పద్ధతి విడువనివారు పాత్రలోని నీరు రెండు బొట్లు నేలపై విడుతురు. అది గతించిన పెద్దలకు. తరువాత మీ యింటివారు కుశలమా, మీ యూరివారు కుశలమా, త్రోవలో సుఖముగా వచ్చితిరా అని అడుగుదురు. ఈ కుశల ప్రశ్నలు ముగిసినగాని పని మాట రాదు. త్వరపడి ముందుగా పని మాట తెచ్చువానిని వారు పెంపకము చాలనివానిగా తలంతురు.

ఇది వినుచున్న మీకు, కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, మజ్జిగయో మంచితీర్థమో యిచ్చిన పిమ్మటగాని మాట కలుపని మన పాత యిండ్లు జ్ఞప్తికి వచ్చుచుండవచ్చును. నాకును అట్లే వచ్చినది. ఇచ్చుటకును పుచ్చుకొనుటకును కుడిచేయియే ఉపయోగింపవలెనను నియమము అచటను కలదు. ఎడమచేయి చాచుట అవమానకరము. పెద్దలు వరుసగా కూర్చుండినచో కుడివైపు కొననుండి మొదలుపెట్టి ఒక్కొక్కరికి అభివాదము చేయుచు ఎడమ కొనకు పోవలెను. ఒకరిని విడిచినచో విడువబడినవారు నొచ్చుకొందురు.

గ్రామాధిపతిని చూడబోవునపుడు మరికొన్ని నియమములు కలవు. గ్రామాధిపతిని వారు “తోగ్బే” అని పిలుతురు. ఆ మాటకు తాతయ్య అని యర్థము. ఆయనతో సమానముగా గౌరవింపబడు స్త్రీ పెద్దను “మామా” అందురు. మన చెవికి అది వేరుగా తోచును గాని వారి భాషలో దాని యర్థము అవ్వ. తాతను చూడబోవువాడు వట్టి చేతులతో పోరాదు గదా! పూర్వము నుండి వచ్చు ఆచారము చొప్పున ఒక సారాయి సీసాను కానుకగా ఉంచుదురు. దానిలో కొంత పెద్దల పేర నేల విడిచి ప్రార్థన చేయుదురు. అధిపతితో ఎవరును నేరుగా మాటాడరు. ఆయన ప్రక్కన “ట్సియామి” అను వక్త యుండును. మీ మాట ఆయనకు చెప్పవలెను. ఆయన దానిని సభకు తగినట్లు చక్కబెట్టి అధిపతికి విన్నవించును. అధిపతి మాటయు ఆయన నోటనే వచ్చును. తొందరపడి పలికిన పరుషవాక్యము ఈ మధ్యవర్తి వలన మెత్తబడును. రచ్చబండ తగవులు ఎరిగినవారికి ఇందలి సదుపాయము వేరుగా చెప్పనక్కరలేదు.

పేర్ల విషయమున ఒక వినోదము కలదు. బిడ్డ యే వారమున పుట్టిన ఆ వారమును బట్టి ఒక పేరు తప్పక ఉండును. శుక్రవారము పుట్టిన మగబిడ్డ కోఫీ. గురువారము పుట్టినవాడు యావో. ఆదివారము పుట్టినవాడు క్వాసీ. అతిథి పుట్టిన వారమడిగి అతనికిని ఆ పేరు పెట్టుదురు. నేను గురువారము పుట్టినవాడనని చెప్పగా, ఆ క్షణమునుండి నన్ను యావో యనియే పిలిచిరి. మన గ్రామములలో సోమయ్య, మంగయ్య, శనయ్య అను పేరులున్నట్లే గదా యని నేను చెప్పగా వారు మిగుల సంతసించిరి.

భోజనము మాట. చేతులు కడుగుకొనుటకు పళ్లెమును నీరును కూర్చున్న తావునకే తెత్తురు. మొక్కజొన్న పిండిని కఱ్ఱపెండలపు పిండితో కలిపి ఉడికించి చేసిన “అక్‌ప్లే” యను ముద్ద వారి ముఖ్యాహారము. మన సంకటి తినెడివారికి అది కొత్త కాదు. దానికి తోడు బెండకాయల పులుసు. చేపలు లేని పులుసు అరుదు. కేటా పట్టణ ప్రాంతమున దొరకు చిన్న చేపలకు “కేటా బడిపిల్లలు” అని ముద్దుపేరు. గుంపులుగా తిరుగునవి గనుక ఆ పేరు వచ్చినది కాబోలు. శాకాహారులు బెంగపడనక్కరలేదు. అలసందలను ఎఱ్ఱని తాటినూనె వంటి పామునూనెలో ఉడికించి, పండిన కూర అరటిని వేచి రెంటిని కలిపి వడ్డించు వంటకము ఎల్లెడల దొరకును. చేపగాని ఎండురొయ్య గాని వేయవలదని ముందుగా చెప్పుట మాత్రము మరువరాదు.

ఇక చూడదగిన స్థలములు. హో పట్టణమునకు ఉత్తరమున హోహోయె అను పట్టణము కలదు. దానికి చేరువను టోగో సరిహద్దు కొండలలో వ్లీ జలపాతమున్నది. ఘానా దేశమున ఇంతకంటె ఎత్తైన జలపాతము లేదు. క్రింది పాతము ఇంచుమించు 80 మీటర్ల ఎత్తునుండి పడును. ఆ యేటి పేరు అగూమాట్సా. “నన్ను పారనిండు” అని దాని యర్థమందురు. గ్రామమునుండి ముప్పావు గంట నడక. త్రోవ పొడుగునను పెద్ద వృక్షముల నీడ. ఒకే యేఱు వంకరలు తిరుగుచుండుటచే చిన్న వంతెనలపై దానిని మాటిమాటికి దాటవలెను. పాతము దగ్గరకు చేరగానే నీటి తుంపురులు గాలిలో ఎగసి మైలు దూరము నడచిన ఆయాసమును పోగొట్టును. ప్రక్కనున్న రాతిగోడపై వేలకొలది పెద్ద గబ్బిలములు తలక్రిందుగా వ్రేలాడుచుండును. చప్పట్లు చఱచి వానిని లేపుట కొందరు సందర్శకులకు వేడుక. మాతో వచ్చిన యువకుడు అది చేయనీయలేదు. పగలు వానికి నిద్రవేళ యనియు, నిద్రించువారిని లేపుట అతిథి చేయదగిన పని కాదనియు అతడు చెప్పెను.

ఆ కొండల వరుసలోనే అఫాజాటో శిఖరము కలదు. దాని ఎత్తు 885 మీటర్లు, అనగా సుమారు 2,900 అడుగులు. అది ఘానాలోని మిక్కిలి ఎత్తైన కొండలలో నొకటి. మన తూర్పు కనుమలతో పోల్చిన చిన్నదే గాని నిట్టనిలువుగా నుండుటచే ఎక్కుట శ్రమ. తాకిన దురద పుట్టించు ఒక మొక్క వలన కొండకు ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. మన దూలగొండిని ఎరిగినవారికి ఆ పేరులోని న్యాయము బోధపడును. కొండ పాదమున నున్న లియాటీ వోటే గ్రామమువారే త్రోవ చూపువారిని ఏర్పరచియున్నారు.

ఇప్పుడు ముఖ్యమైన స్థలమునకు వచ్చెదను. హో, హోహోయె పట్టణముల నడుమ టాఫీ ఆటోమే యను చిన్న గ్రామమున్నది. ఆ యూరివారి పూర్వులు ఇంచుమించు 200 సంవత్సరముల క్రిందట దేశ మధ్యభాగమున నున్న అస్సిన్ అను ప్రాంతము నుండి వలస వచ్చిరట. వచ్చునపుడు తమ దేవతామూర్తిని వెంట తెచ్చి, ఊరి ప్రక్క అడవిలో భద్రముగా నుంచిరట. నాటినుండి ఆ అడవి దేవతావనమైనది. ఎవరును అందు చెట్టు నరుకరాదు. కొంతకాలమునకు ఆ వనమున కోతులు కనబడెను. ఇవి మన పాత నివాసము నుండి మనలను వెంబడించి వచ్చిన దేవదూతలని గ్రామస్థులు నమ్మిరి. అవి మోనా జాతి కోతులు. వీపు గోధుమవన్నె, పొట్ట తెలుపు, తోక మొదట ఇరుప్రక్కల తెల్లని మచ్చలు. చుట్టుప్రక్కల అడవులు సేద్యమునకును వంటచెఱకునకును పోయినను, ఆ ఊరి నమ్మకము ఆ వనమును కాపాడినది.

కాని కాలము మారినది. పాత దేవతలపై విశ్వాసము తగ్గినది. వనముపై భయము పోయినది. చెట్లు నరికిరి, కోతులను వేటాడిరి. వేటమాంసమునకు ఆ దేశమున మంచి వెల కలదు. వాని సంఖ్య నానాటికి తగ్గసాగినది. మరి కొన్నియేండ్లు అట్లే జరిగియుండినచో వనమును లేదు, కోతులును లేవు. ఆ స్థితిలో గ్రామస్థులు కూడి 1993లో ఆ వనమును కోతుల రక్షితస్థలముగా ప్రకటించిరి. అటుపిమ్మట కొలది సంవత్సరములలో, ప్రకృతి సంరక్షణకు పాటుపడువారి సహాయముతో, సందర్శకులను రప్పించు ఏర్పాటు చేసికొనిరి. నరికిన తావుల మొక్కలు నాటిరి. నేడు ఆ వనమున వందలకొలది కోతులు కలవు.

ఇచటనే రుసుము మాట వచ్చుచున్నది. ఊరి మొదట చిన్న కార్యాలయము. అందు నిర్ణీతమైన రుసుము చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. ఊరివాడొకడు మనతో వచ్చి వనమును చూపును. రుసుములలో కొంత పనిచేయువారికి జీతము. కొంత ఊరుమ్మడి పనులకు. ఏ పనికి వ్యయింపవలయునో గ్రామ సంఘము నిర్ణయించును.

ఇది చూచి మొదట నాకు కొంత మనస్తాపము కలిగినది. దేవునికి విడిచిన తోపునకు టిక్కెట్టు పెట్టుట యేమి, నీరిచ్చి పిలిచిన చేతితోనే సొమ్ము పుచ్చుకొనుట యేమి, అని తలంచితిని. నా సంశయమును ఊరి పెద్ద యొకనితో మెల్లగా మనవి చేసితిని. ఆయన నవ్వి, నేను త్రాగిన నీటికి గాని కూర్చున్న కుర్చీకి గాని ఎవరైన సొమ్మడిగిరా యని ప్రశ్నించెను. లేదంటిని. వచ్చినవారిని ఆదరించుట తమ యింటి ధర్మమనియు, దానికి వెల లేదనియు, వనమును కాచుట మాత్రము వ్యయముతో కూడిన పని యనియు, దానిని చూచి సంతసించువారు ఆ భారములో పాలు పంచుకొనుట న్యాయమనియు ఆయన సెలవిచ్చెను.

ఆ సమాధానమును నేను పలుమారులు తలపోసితిని. అందు మూడు సంగతులు నాకు తోచినవి. మొదటిది: కోతులకు మనుష్యుల పంటపై ఆశ కలదు. మొక్కజొన్న, అరటి, కఱ్ఱపెండలము ధ్వంసమైనపుడు నష్టపడువాడు పొలముగల రైతు. వనము అందముగా నున్నదని మెచ్చువాడు మరునాడు వెడలిపోవును. రైతు అచటనే యుండును. ఆ రైతునకు వనమువలన ఒక రూపాయంత లాభమైన కనబడనిచో అతడు గొడ్డలిని ఎన్నాళ్లు దాచును? రెండవది: భక్తి కాపాడిన వనమును, భక్తి తగ్గిన పిమ్మట, మరేదియో ఒకటి కాపాడవలెను. ఉపదేశము చాలదు. మూడవది: రుసుము వలన కీడు రాకుండవలెనన్న లెక్క బహిరంగముగా నుండవలెను. పద్దు పదిమంది ఎదుట చదువనిచో, వనము వలన వచ్చిన సొమ్మే ఊరిని రెండు పక్షములుగా చీల్చును. అట్టి తగవులు ఏ దేశమునకైన సహజమే.

మరొక లోపమును దాచరాదు. సందర్శకులు అరటిపండును చేత గట్టిగా పట్టుకొనగా కోతి వచ్చి చేతిమీదనే తొక్క ఒలిచి తినుట అచటి గొప్ప వేడుక. పిల్లలు కేరింతలు కొట్టుదురు, నేనును నవ్వితిని. కాని అడవి జంతువు మనుష్యుని చేతి కూటికి మరగుట దానికి క్షేమము కాదు. జబ్బులును ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు ప్రాకవచ్చును. వేడుకకును రక్షణకును నడుమ ఎచట గీత గీయవలయునో ఆ గ్రామమువారు ఇంకను ఆలోచింపవలసియున్నది.

ఈ సీమ అందములలో గొప్పది వోల్టా జలాశయము. అకోసాంబో యొద్ద 1961 మొదలు 1965 వరకు ఆనకట్ట కట్టిరి. దాని వెనుక నిలిచిన నీరు సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల మేర ఆవరించినది. మానవులు కట్టిన జలాశయములలో వైశాల్యమున ప్రపంచమునందు అగ్రగణ్యమైన వానిలో నిది యొకటి. పడవపై పోవు యాత్రికునకు అది సముద్రమువలె కనబడును. సూర్యాస్తమయమున ఆ నీటిపై ఎఱ్ఱని కాంతి పరచుకొనుట చూచి కన్నులు త్రిప్పుకొనజాలము. కాని నీటిలోనుండి అచ్చటచ్చట ఎండిన మ్రాకుల మోళ్లు పైకి లేచియుండును. అవి మునిగిన అడవి గుర్తులు. వాని క్రింద ఊళ్లున్నవి. ఆ జలాశయము కొఱకు ఇంచుమించు 80,000 మంది తమ యిండ్లను విడిచిరి. 700కు పైగా గ్రామములు మునిగెను. వారికి 52 కొత్త ఊళ్లు కట్టించిరి. దేశమంతటికి విద్యుచ్ఛక్తి లభించినది. పొలము పోగొట్టుకొనిన ముసలివానికి మాత్రము కొత్త ఊరు తన ఊరు కాలేదు. శ్రీశైలము జలాశయము క్రింద తమ గ్రామములను పోగొట్టుకొనినవారు మీలో ఎవరైన ఉన్నచో, ఈ మాటను నాకంటె చక్కగా చెప్పగలరు.

ఆనకట్ట కట్టిన పిమ్మట నదితో సముద్రమునకు చేరవలసిన ఇసుక ఆగిపోయినది. అంతకు మున్నే తీరమును కోయుచుండిన సముద్రమునకు ఇది తోడైనది. దక్షిణమున కేటా యను పట్టణము కలదు. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క విశాలమైన ఉప్పుకయ్య. నడుమ సన్నని ఇసుకతిన్నెపై ఊరు. 1784లో డేనులు కట్టిన ప్రిన్సెన్‌స్టైన్ కోట అచట నున్నది. ఒకప్పుడు బానిసలుగా అమ్ముటకు మనుష్యులను ఆ కోటలో బంధించిరి. నేడు దానిలో సగము సముద్రము పాలైనది. మిగిలిన గోడల నడుమ నిలిచినపుడు ఎవరికిని మాట రాదు. 2023లో ఆనకట్ట నిండి నీటిని విడువవలసివచ్చినపుడు క్రింది గ్రామములు మునిగి వేలాదిమంది నిరాశ్రయులైరి. ఈ సంగతులు తెలిసికొని చూచువాడే నిజముగా చూచినవాడు.

ఆ కయ్య పక్షులకు పుట్టినిల్లు. యూరపు ఖండమున చలి ముదిరినపుడు వేలకొలది పక్షులు అచటికి వచ్చును. ఆ తీరపు ఇసుకలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. వానిలో మన కోస్తా తీరమునకు వచ్చు ఆలివ్ రిడ్లే జాతియు కలదు. అచటి ఆన్లోగా రైతులు వట్టి ఇసుకలో చిన్న మడులు కట్టి, లోతు లేని నూతులు త్రవ్వి, చిన్న ఉల్లిని పండించుట చూచి నేను ఆశ్చర్యపడితిని.

ఆన్లోగాలో ప్రతి సంవత్సరము నవంబరు మొదటి శనివారమున హోగ్బెట్సోట్సో అను ఉత్సవము జరుగును. దాని కథ వినదగినది. ఎవేల పూర్వులు ఇప్పటి టోగో దేశములోని నోట్సే అను ప్రాకార నగరమున అగోకోలి యను క్రూరుడైన రాజు క్రింద నుండిరట. తప్పించుకొనుటకు స్త్రీలు ఒక ఉపాయము చేసిరి. దినదినము కడిగిన నీళ్లన్నియు ప్రాకారమున ఒకే తావున పోయుచు వచ్చిరి. మట్టిగోడ నాని మెత్తబడెను. ఒక రాత్రి మద్దెలల మ్రోతల నడుమ గోడను పడద్రోసి, అందరును వెనుకకు నడచుచు బయటపడిరి. మరునాడు చూచిన రాజభటులకు అడుగులన్నియు లోనికి వచ్చినట్లు కనబడెను. ఉత్సవము నాటికి ముందు తగవులు తీర్చుకొని, ఊరు శుభ్రపరచుకొని, దూరదేశములనున్న బిడ్డలను పిలుచుకొందురు. ఒకనాడు తామును దిక్కులేక ఇంకొకరి వాకిట నిలిచినవారమే యను జ్ఞప్తి వారికి ఉత్సవరూపమున నిలిచియున్నది. అతిథికి వారు నీరిచ్చు తీరులో ఆ జ్ఞప్తి కూడ కలదని నా నమ్మకము.

ఎవేలు గొప్ప నేతగాండ్రు. పోగుబట్టను నాలుగంగుళముల వెడల్పు పట్టీలుగా నేసి, వానిని ప్రక్కప్రక్కన కుట్టి పెద్ద వస్త్రము చేయుదురు. దానికి కెంటే యని పేరు. మగవారు దానిని మన ఉత్తరీయమువలె ఎడమ భుజముపై వేసికొందురు. ఘానా దేశపు ఈ నేతపనిని 2024లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. పశ్చిమాఫ్రికాకును మన నేతగాండ్రకును ఒక పాత సంబంధము కలదు. చీరాల ప్రాంతపు మగ్గములపై నేసిన గళ్ల గుడ్డలు మద్రాసు రుమాళ్లను పేరుతో ఆ ఖండపు పడమటి తీరమునకు, అందు ముఖ్యముగా నైజీరియాకు, చిరకాలము ఎగుమతి యగుచుండెను. ఆ వైపునుండి మనకు వచ్చిన గుర్తును ఒకటున్నది. గోలకొండ కోటలోని నయాఖిల్లాలో ఏనుగుల చెట్టని పిలువబడు మహావృక్షము ఆఫ్రికా దేశపు బావోబాబు. అతిథిగా వచ్చిన చెట్టునకు మన నేల చోటిచ్చినది.

ఆ సీమకు పోదలచినవారికి నాలుగు సూచనలు. పచ్చజ్వరపు టీకా వేయించుకొని ఆ పత్రము వెంటనుంచుకొనవలెను. లేనిచో ఆ దేశమున అడుగుపెట్టనీయరు, తిరిగి మన దేశమునకు వచ్చునపుడును చిక్కు కలుగును. దోమతెర అవసరము, మలేరియా జ్వరము అచట హెచ్చు. డిశంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఎడారివైపు నుండి దుమ్ముతో కూడిన పొడిగాలి వీచును. అప్పుడు త్రోవలు బాగుండును గాని దూరపు కొండలు మసకబారును. జలపాతము నిండుగా చూడగోరువారు వర్షములు పడు నెలలలో పోవలెను. మనుష్యుల ఫొటో తీయుటకు ముందు వారి అనుమతి పుచ్చుకొనవలెను. “అక్‌పే” యనునది వారి భాషలో కృతజ్ఞత తెలుపు మాట. ఆ యొక్క మాట నేర్చుకొనినను చాలు.

పెద్దలారా! మన గ్రామములలోను అమ్మవారి తోపులు, పాత చెఱువులు, కొంగలు గూళ్లు కట్టు చింతలు కలవు. భయభక్తులు కాపాడినంతకాలము అవి నిలిచినవి. ఇప్పుడు పట్టణములనుండి జనులు వానిని చూడవచ్చుచున్నారు. వారిని తరిమివేయుటయు తగదు. వారు చెత్త పోసి పోవుచుండగా చూచి యూరకుండుటయు తగదు. ఒకనాడు ఊరందరిని పిలిచి, మన యూరి పొలిమేరలో కాపాడదగిన దేది, దానిని కాచువారెవరు, ఆ వ్యయము నెవరు భరించవలెను, లెక్క ఎవరి ఎదుట చదువవలెను అను నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. రుసుము పెట్టుటయో మానుటయో తరువాతి మాట. పెట్టినచో మాత్రము ఆ టాఫీ గ్రామపు పెద్ద చెప్పినదానిని గుర్తుంచుకొనుడు: నీటికిని పీటకును వెల కట్టరాదు.